పద్దెనిమిది మిల్లీమీటర్లు

ఒలే ఢిల్లేశ్వరీ,
నీ కేరేజీ అడుగున ఆ మాత్తర్ల అట్ట నాను సూసీసినాను.
దాసుకోకు.
అది నాకు ఎరికే. ఐదు గుంటలు, గుంటకో మాత్తర.
గుంటంటే మనకాడ పిల్లే కదేటి,
మొదటి నెల ఆ మాటకి నానొక్కర్తినే నవ్వుకున్నాను.

ముట్టయిన రెండో నాటి నుంచి, రాత్రి అన్నం తిన్నాక.
మొదటి రోజు ఏటీ అవ్వదు.
మూడో రోజుకి మెడకాణ్నుంచి సెగ బయల్దేరతాది
బోయిలర్ మూత ఎవరో నీ మొహం మీదే తీసినట్టు.
ఫ్యాను కింద కూకున్నా సెవట్లు. తలనొప్పి. పొట్ట బిర్రు.
సొక్కా గుండీ ఊడిందని మీ ఆయనంటే
ఏడుపొస్తాది, గుండీ కోసం కాదు,
దేనికోసమో నీకూ తెల్దు.
అది నువ్వు కాదే, మాత్తర.
గోడ మీద రాసుకో ఆ మాట.
నాను రాసుకోనేదు, గిన్ని ఇసిరినాను.
ఆ సొట్ట గిన్నిలోనే ఇప్పటికీ పాలు కాస్తన్నాను.

కళ్ళ ముందు మిణుగురులు తిరిగినా
పొట్ట ఉబ్బి ఊపిరందకపోయినా
మొహమాటపడకు, ఆ రాత్రే డాట్రమ్మకి ఫోన్ సెయ్యి.
పక్కింటోళ్ళు సెప్పిన పసరు మటుకు తాగకు.

అవునే, ముందు మీ ఆయన పరీక్ష అయ్యిందా?
మాయన ఏడాది ఎల్లనేదు.
ఎల్లిన రోజు సీసా పట్టుకుని గదిలోకెల్లి, వొచ్చి,
సైకిల్ స్టాండు కాడ రెండు టీలు తాగి
కాశీబుగ్గ దాకా ఒక్క మాటాడనేదు.
ఆళ్ళకీ సిగ్గుంటాది. నవ్వకు.

పదో రోజు స్కానింగు.
పొద్దున్న పాసింజరుకి శ్రీకాకుళం రోడ్డు, అక్కణ్నుంచి షేర్ ఆటో,
ఏడు రోడ్ల కాడ మేడ మీద ఆస్పత్రి.
మేస్త్రీకి పన్ను నొప్పని సెప్పు.
స్కానింగుకో పన్ను. నా లెక్కకి
ఈపాటికి నోట్లో ఒక్కటీ మిగలకూడదు.

తెర మీద నల్లటి గుండ్రాలు కనిపిస్తాయి.
ఆ పిల్ల కొలిసి సెప్తాది: పదకొండు, పద్నాలుగు, పదహారు.
రోజల్లా మనం సేసే పనే.
గుండొక కాడ, బద్దొక కాడ, ముక్కొక కాడ,
రెండు నలభయ్యీ మూడు ఇరవయ్యీ కంటితోటే ఏరేస్తాం, గింజ తేడా రాదు.
అక్కడ మటుకు
మన్ని ఎవరో ఏరతన్నట్టుంటాది.
పద్దెనిమిది రావాల.
పదహారు కాడ ఆగిపోతే
"ఈ నెలకి లేదమ్మా" అని కాగితం మడిసి ఇస్తాది.
తిరుగు బండిలో కిటికీ సీటు దొరికినా
బైట ఏటుందో కనపడదు.

పద్దెనిమిదొస్తే సూది.
ముప్పై ఆరు గంటలని డాట్రమ్మ వేళ్ళు ఎంచి మరీ సెప్తాది.
సరిగ్గా ఆ రాత్రే మీ ఆయనకి నైట్ డ్యూటీ పడతాది, సూడు.
మాయత్తకి ఆ రాత్రే నడుం పట్టీసి మా మంచమ్మీద పడుకున్నాది.
ముద్దూ మురిపెమూ
కేలెండర్లో ఇంటూ గుర్తు కింద ఎతుక్కున్నాను నాను.

కవలలూ అవ్వొచ్చంట. ఏటీ అవ్వకపోనూ వొచ్చు.
ఆ తరవాత పద్నాలుగు రోజులుంటాయి,
వాటికి మాత్తర లేదు.
రొమ్ములు సలుపుతాయి,
అది పిల్లో, మందో, ముట్టో
నీ ఒంటికి కూడా తెల్దు.
దొడ్లోకెల్లిన ప్రతిసారీ ముందు గుడ్డ సూసుకుంటావు.
తెల్లగుంటే ఓ పూట బతికినట్టు.

నాకెన్నో నెలంటావా?
వేళ్ళకి బూడిద రాసుకోయే ముందు, జీడి కాల్తాది.
గంట కొట్టీసినారు, లెగు.
ఇదిగో, ఈ బస్తా ఈ రోజుకి నువ్వెత్తు.
రేపూ నువ్వే ఎత్తు.
ఎందుకని
అడక్కు.